సగం తలనొప్పి, సగం జనాభా

2023 డిసెంబరులో రాజ్యసభలో మనోజ్ కుమార్ ఝా అడిగిన ప్రశ్నకు, అప్పటి స్త్రీ శిశు అభివృద్ధి శాఖ మంత్రి స్మృతి ఇరానీ సమాధానమిస్తూ, ఋతుస్రావం అంగవైకల్యం కాదనీ, స్త్రీ జీవితయాత్రలో అది సహజమైన భాగమనీ, దానికోసం వేతనంతో కూడిన ప్రత్యేక సెలవు విధానం అనవసరమనీ అభిప్రాయపడ్డారు. సభలో ఆ విషయం అంతటితో ముగిసినా, వెలుపల మాత్రం వాగ్యుద్ధం చాలాకాలం సాగింది. సెలవు ఇస్తే యజమానులు స్త్రీలకు ఉద్యోగాలే ఇవ్వరని ఒక పక్షం, ఇవ్వకపోవడం అమానుషమని మరొక పక్షం. 2024 జులైలో సుప్రీంకోర్టు, ఇది ప్రభుత్వాలు నిర్ణయించవలసిన విధాన విషయమని చెప్పి బాధ్యతను కేంద్రానికే వదిలిపెట్టింది. బీహారులో 1992 నుంచీ ప్రభుత్వోద్యోగినులకు నెలకు రెండు రోజుల ప్రత్యేక సెలవు ఉన్నది. దానివల్ల అక్కడ ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. 2025లో కర్ణాటక మంత్రివర్గం నెలకొక రోజు సెలవును ఆమోదించింది.

ఈ వాదప్రతివాదాలన్నీ నేను వృత్తిధర్మంగా విన్నాను, వ్రాశాను. వాటిలో సెలవును గురించి మాట్లాడనివారు లేరు గాని, ఆ రోజులలో స్త్రీ శరీరంలో అసలు ఏమి జరుగుతున్నదని అడిగినవారు కనబడలేదు. కడుపునొప్పి ఒక్కటే అందరికీ తెలిసిన బాధ. సగం తలను పట్టి పీడించే మరొక బాధ ఉన్నదనీ, దానికి రక్తంలో, నాడులలో, మెదడు పొరలలో స్పష్టమైన కారణాలు కనుగొన్నారనీ, ఆ కనుగొన్నదానికీ మన ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా పంచే ఒక మాత్రకూ సంబంధమున్నదనీ నేను గ్రహించినది ఢిల్లీలో కాదు. రాయపూర్‌లో, డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో.

వ్యాగన్ రిపేర్ షాపును ఆశ్రయించుకొని పుట్టిన రైల్వే కాలనీ అది. దసరాకు అక్కడి మైదానంలో నిలబెట్టే రావణుడి బొమ్మను చూడడానికి నగరమంతా కదలివస్తుంది. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్ మీదుగా రాయపూర్ వరకూ బెంగాల్ నాగపూర్ రైల్వే వారు 1930ల ప్రారంభంలో మార్గం పూర్తిచేసిన తరువాత, ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పొట్ట చేతబట్టుకొని వెళ్ళినవారు రాయపూర్ రైల్వేలో ఎందరో. ఆ రైల్వే ఆగ్నేయ రైల్వే అయింది, 2003లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే అయింది. పేర్లు మారినా, శ్రీకాకుళం యాస మాత్రం మూడు తరాలుగా అక్కడి క్వార్టర్లలో చెక్కుచెదరలేదు. హిందీ, ఛత్తీస్‌గఢీ కలిసి మరికొంత రుచి వచ్చింది.

ఛత్తీస్‌గఢ్ రాజకీయాలు చూడడానికి వెళ్ళినప్పుడు ఆ కాలనీలో ఒక ఫిట్టరుగారి ఇంట భోజనానికి పిలిచారు. ఇంటి ఇల్లాలికి నలభై దాటి రెండు మూడేళ్ళుంటాయి. వడ్డన మధ్యలో ఆమె లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నది. భర్త మొహమాటంగా, "దానికి నెలనెలా ఈ తలనొప్పుందండి" అన్నారు. మరునాడు సాయంత్రం ఆమే నాతో మాట్లాడింది. పేరు వ్రాయనని మాట ఇచ్చాను.

"నొప్పి వచ్చేముందు కళ్ళముందు ముగ్గు పడతాది బాబుగారూ. వెలుగు ముగ్గు. ఒక చుక్క దగ్గర మొదలై, అంచులు రంపపు పళ్ళలాగ మెరుస్తా, అలా పక్కకి జరిగిపోతాది. అరగంటకి అది పోతాది. పోయాక ఎడమ కణత పొడవడం మొదలు. లైటు చూడలేను, తాలింపు వాసన పడదు, వాంతులు. మా అత్త ఉన్నప్పుడు, పని తప్పించుకోడానికి నాటకమనీది. డాక్టరుకి చెప్తే ఆలోచనలు తగ్గించుకో అన్నాడు."

నేను ఆంగ్ల సాహిత్యం చదువుకున్నవాడిని. వర్జీనియా వుల్ఫ్ 1926లో అనారోగ్యాన్ని గురించి వ్రాసిన వ్యాసంలో, ప్రేమను వర్ణించడానికి ఆంగ్లభాషలో మాటలు పుష్కలంగా ఉన్నాయిగాని తలనొప్పిని వైద్యుడికి చెప్పుకోవడానికి మాత్రం లేవని వాపోయింది. కాలనీ ఇల్లాలికి ఆ కొరత లేదు. ముగ్గు అన్న ఒక్క మాటతో ఆమె, వైద్యశాస్త్రం దాదాపు శతాబ్దం పాటు తడుముకున్న విషయాన్ని నా ముందు పెట్టింది.

ఆ ముగ్గు కల్పన కాదు. దానిని కొలిచినవారున్నారు. కార్ల్ లాష్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తకు ఇదే బాధ ఉండేది. తన కళ్ళముందు వెలుగు అంచు ఎంతసేపట్లో ఎంత దూరం జరుగుతున్నదో కాగితం మీద గీసుకొని, మెదడు వెనుకభాగంలోని దృష్టికేంద్రంలో ఏదో అలజడి నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతున్నదని 1941లో ఆయన లెక్క కట్టాడు. లోపలికి తొంగిచూసే యంత్రమేదీ ఆయన దగ్గర లేదు. మూడేళ్ళకు, 1944లో, హార్వర్డులో మూర్ఛవ్యాధిని పరిశోధిస్తున్న అరిస్టిడిస్ లియావో అనే బ్రెజిల్ యువకుడు కుందేలు మెదడుపై సరిగ్గా అటువంటి అలనే చూశాడు. నాడీకణాలు ఒక్కసారిగా చెలరేగి, వెంటనే మూగబోతాయి. ఆ మూగతనం నెమ్మదిగా పక్కకు పాకుతుంది. వేగం అంతే. మనిషి మెదడులో దీనిని చిత్రించడానికి 2001 దాకా ఆగవలసి వచ్చింది. బాస్కెట్‌బాల్ ఆడి తనకు తానే ఈ వెలుగును రప్పించుకోగలిగిన ఒక రోగి దొరకడం వల్ల ఆ పని సాధ్యమయింది. వైద్యులు దీనికి ఆరా అని పేరు పెట్టారు. పార్శ్వపు నొప్పి ఉన్నవారందరికీ ఇది రాదు. సుమారు మూడో వంతు మందికి వస్తుంది. ఈ తేడా ఎంత ముఖ్యమైనదో తరువాత చెబుతాను.

వెలుగు సరే, నొప్పి ఎక్కడిది? మెదడుకు నొప్పి తెలియదు. దానిని కప్పిన పొరలకు తెలుస్తుంది. చాలాకాలం వైద్యులు నేరమంతా రక్తనాళాల మీద మోపారు. 1938లో గ్రాహం, వుల్ఫ్ అనే అమెరికన్ వైద్యులు, ఎర్గటమీను మందు ఇస్తే కణత దగ్గరి ధమని కొట్టుకోవడం తగ్గి నొప్పి కూడా తగ్గుతున్నదని చూపడంతో, నాళాలు ఉబ్బడమే వ్యాధి అన్న సిద్ధాంతం స్థిరపడింది. పాఠ్యగ్రంథాలలో అది నాలుగు దశాబ్దాలు రాజ్యమేలింది. 1979లో మైకేల్ మాస్కోవిట్జ్ దృష్టిని నాడివైపు మళ్ళించాడు. ముఖానికీ మెదడు పొరలకూ స్పర్శ నిచ్చే ఐదవ కపాలనాడి కొసలు, ఆ పొరలలోని రక్తనాళాల చుట్టూ అల్లుకొని ఉంటాయి. అవి రెచ్చినప్పుడు కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. వాటిలో ముఖ్యమైనది సి.జి.ఆర్.పి. అనే చిన్న ప్రోటీను. స్వీడన్‌కు చెందిన లార్స్ ఎడ్విన్సన్, ఆస్ట్రేలియాలో పుట్టిన పీటర్ గోడ్స్‌బీ కలిసి, నొప్పి వస్తున్న సమయంలోనే రోగుల మెడ సిర నుంచి రక్తం తీసి, అందులో ఈ పదార్థం పెరగడాన్ని 1990 నాటికి నిరూపించారు. 2002లో కోపెన్‌హేగన్‌లో దానిని రోగుల రక్తంలోకి ఎక్కించి చూస్తే, నొప్పి వచ్చింది. కారణాన్ని అటునుంచీ ఇటునుంచీ పరీక్షించడమంటే ఇదీ. దానిని అడ్డుకునే మొదటి ఇంజక్షను 2018లో అమెరికాలో అనుమతి పొందింది. 2021లో ఎడ్విన్సన్, గోడ్స్‌బీ, మాస్కోవిట్జ్, డెన్మార్క్‌కు చెందిన యెస్ ఓలెసన్ నలుగురికీ కలిపి బ్రెయిన్ ప్రైజ్ ఇచ్చారు.

పాత నాళాల సిద్ధాంతం పూర్తిగా అబద్ధమని కాదు. నాళాలు పాత్రధారులే గాని సూత్రధారులు కావు. 2019లో డేనిష్ పరిశోధకులు కణాలలోని ఒకరకం పొటాషియం ద్వారాలను తెరిచే మందును పదహారు మంది రోగులకు ఇస్తే పదహారు మందికీ పార్శ్వపు నొప్పి వచ్చింది. ఆ ద్వారాలు తెరుచుకోవడమూ మూసుకోవడమూ కణంలోని ఏ.టి.పి. మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఏ.టి.పి.ని 1929లో, ఫిస్కేతో కలిసి, హార్వర్డులో కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

తలనొప్పి మాట వచ్చినప్పుడు తెలుగు పత్రికారచయిత మరొక పేరు తలచుకోకుండా ముందుకు పోకూడదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించి, ఆ ఆదాయంతో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించారు. 1914లో మద్రాసులో అది దినపత్రిక అయింది. అనగా తెలుగు పత్రికారంగం పునాదులలో జాతి తలనొప్పి కొంత ఉన్నది. ఆ పసుపుపచ్చ డబ్బాలోని మెంథాల్, చర్మంలో చల్లదనాన్ని పసిగట్టే ఒక గ్రాహకాన్ని తాకి పనిచేస్తుంది. 2011లో ఇరవై మూడు వేలమందికి పైగా అమెరికన్ స్త్రీల జన్యువులను పరిశీలించినప్పుడు, పార్శ్వపు నొప్పితో సంబంధమున్న మూడు జన్యుస్థానాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి సరిగ్గా ఆ చల్లదనపు గ్రాహకానిది. పంతులుగారికి ఆ సంగతి తెలియదు. నుదుటికి శొంఠి పట్టు వేసిన మన అమ్మమ్మలకూ తెలియదు. కాని వారి చేతులు పోయిన చోటు తప్పుకాదు.

ఇక స్త్రీల సంగతి. చిన్నతనంలో ఈ వ్యాధి మగపిల్లలకూ ఆడపిల్లలకూ దాదాపు సమానంగా వస్తుంది. రజస్వల అయిన తరువాత దారులు వేరవుతాయి. యుక్తవయస్సులో పురుషుని కంటే స్త్రీకి రెండు మూడు రెట్లు ఎక్కువ. గర్భం నిలిచి నాలుగైదు నెలలు దాటాక చాలామందికి ఉపశమనం కలుగుతుంది, ప్రసవం తరువాత తిరిగివస్తుంది. ముట్లుడిగే ముందటి సంవత్సరాలలో ఉధృతమవుతుంది, ఆ తరువాత క్రమంగా చల్లారుతుంది. ఇంత స్పష్టంగా జీవితమంతా ఒక రేఖ గీసి చూపిస్తుంటే, ఇది ఆలోచనల వల్ల వచ్చే జబ్బని స్త్రీకి చెప్పి పంపేయడం ఎంత సులువయిందో చూడండి.

1970ల ఆరంభంలో సిడ్నీలో బ్రయన్ సోమర్‌విల్ అనే వైద్యుడు చేసిన ప్రయోగం నాకు ఎంతో అందమైనదిగా తోచింది. బహిష్టుతో పాటే నొప్పి వచ్చే కొద్దిమంది స్త్రీలకు, తేదీకి ముందు ప్రొజెస్టిరాన్ ఇచ్చాడు. బహిష్టు ఆలస్యమయింది గాని, నొప్పి తన సమయానికి తాను వచ్చింది. తరువాత ఈస్ట్రోజెన్ ఇచ్చాడు. బహిష్టు వేళకు వచ్చింది, నొప్పి వాయిదా పడింది. ఇంజక్షను ప్రభావం తగ్గి ఈస్ట్రోజెన్ మట్టం పడిపోయినప్పుడు వచ్చింది. కనుక దోషి రక్తస్రావం కాదు, ఈస్ట్రోజెన్ ఉండడమూ కాదు. ఉన్న ఈస్ట్రోజెన్ హఠాత్తుగా పడిపోవడం. పల్లం మీద నిలిచిన బండి కంటే, ఎత్తు నుంచి దొర్లే బండి ప్రమాదకరమన్నట్లు.

ఆ పతనం నాడిని ఎలా రెచ్చగొడుతుందో ఇటీవలి దాకా తెలియదు. 2023లో బెర్లిన్‌లోని షారితే ఆసుపత్రి పరిశోధకులు, పార్శ్వపు నొప్పి ఉన్న స్త్రీల రక్తంలోనూ కన్నీటిలోనూ బహిష్టు రోజులలో సి.జి.ఆర్.పి. ఆ వ్యాధి లేని స్త్రీలలో కంటే ఎక్కువగా ఉన్నట్లు ప్రకటించారు. కన్నీటిని కొలిచి స్త్రీ బాధను నిరూపించవలసి వచ్చిందని వ్యాఖ్యానించాలనిపిస్తుంది, కాని అది కవుల పని. అంతకుముందు 2009లో, వంశపారంపర్యమైన ఒకరకం పార్శ్వపు నొప్పికి కారణమైన జన్యులోపం గల ఎలుకలలో, లియావో చూసిన ఆ పాకే అల ఆడవాటిలో సులభంగా పుడుతున్నదనీ, అండాశయాలు తీసివేస్తే ఆ తేడా పోతున్నదనీ తేలింది. 2019లో అమెరికాలోని టెక్సాస్ శాస్త్రవేత్తలు, మెదడు పొర మీద అతి స్వల్పంగా సి.జి.ఆర్.పి. వేస్తే ఆడ ఎలుకలలో మాత్రమే నొప్పి లక్షణాలు కనబడ్డాయనీ, మగవాటిలో కనబడలేదనీ చూపారు.

ఇంత ఆలస్యమెందుకయింది? స్త్రీలనే ఎక్కువగా బాధించే వ్యాధిని దశాబ్దాలపాటు ప్రధానంగా మగ ఎలుకల మీద పరిశోధించడం వల్ల. ఆడ ఎలుకల హార్మోన్లు రోజుకొక రీతిగా మారుతుంటాయి గనుక ఫలితాలు చిందరవందరవుతాయని శాస్త్రవేత్తల సాకు. కారణమే అక్కడున్నప్పుడు, దానిని గందరగోళమని పక్కనబెట్టడం కంటే విడ్డూరం ఏముంటుంది? మనుషుల మీద జరిపే ఔషధ పరీక్షలలో స్త్రీలను చేర్చితీరాలని అమెరికా 1993లో చట్టం చేయవలసి వచ్చింది. జంతు పరిశోధనలో కూడా ఆడ మగ తేడాను లెక్కలోకి తీసుకోవాలని అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థల నిబంధన 2016లో గాని అమలుకు రాలేదు. శాసనసభలో మూడో వంతు స్థానాలకోసం మన స్త్రీలు 2023 దాకా ఎదురుచూసి, రాజ్యాంగ సవరణ వచ్చాక కూడా నియోజకవర్గాల పునర్విభజన అనే షరతుకు కట్టుబడవలసి వచ్చింది. ప్రయోగశాలలో ఆడ ఎలుక గతి కూడా దానికి దూరం కాదు.

ఇప్పుడు ఆ మాత్ర దగ్గరికి వస్తాను. కాలనీ ఇల్లాలు చాలా ఏళ్ళుగా గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానని మాటవరసకు చెప్పింది. ప్రభుత్వం ఉచితంగా పంచే మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటాయి. 21 మాత్రలలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ రెండూ ఉంటాయి. మిగిలిన 7 ఇనుము మాత్రలు. ఆ ఏడు రోజులలో ఈస్ట్రోజెన్ అందదు. అనగా సోమర్‌విల్ సిడ్నీలో కనిపెట్టిన పతనాన్ని, ఆ అట్ట నెలనెలా తు.చ. తప్పకుండా తెచ్చిపెడుతుంది. కొందరికి సరిగ్గా ఇనుము మాత్రల రోజులలోనే నొప్పి ఎందుకు వస్తుందో దీనివల్ల అర్థమవుతుంది.

తలనొప్పితో పోయేదయితే ఇంతగా వ్రాయను. వెలుగు ముగ్గు కనిపించే రకం పార్శ్వపు నొప్పి ఉన్న స్త్రీలకు, మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వచ్చే అవకాశం ఇతరులకంటే సుమారు రెండు రెట్లని పరిశోధనలు తేల్చాయి. మొత్తం మీద ఆ సంఖ్య స్వల్పమే, భయపడి పరుగెత్తవలసినది కాదు. కాని ఈస్ట్రోజెన్ కలిసిన మాత్ర దానిని మరింత పెంచుతుంది. అందుకే ఆరా ఉన్న స్త్రీలు ఏ వయసువారయినా ఆ రకం మాత్రలు వాడరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన మార్గదర్శకాలలో అత్యంత నిషిద్ధమైన నాలుగవ శ్రేణిలో చేర్చింది. మార్గాంతరం లేకపోలేదు. ప్రొజెస్టిన్ మాత్రమే ఉన్న మందులున్నాయి, రాగి లూపు ఉన్నది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనా సంస్థ తయారుచేసిన, హార్మోను కాని మాత్ర ఛాయా పేరుతో 2016 నుంచి జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో ఉన్నది. "మాత్ర ఇచ్చేటప్పుడు కళ్ళముందు వెలుగు కనబడుతుందా అని ఎవరైనా అడిగారా అమ్మా?" అన్నాను. "అట్ట చేతిలో పెట్టి, రోజూ మర్చిపోకు అన్నారు బాబుగారూ, అంతే" అన్నది. స్త్రీవైద్యురాలిని కలిసి, నాతో చెప్పిన ముగ్గు సంగతి అదే మాటలలో చెప్పమన్నాను. మరుసటి నెలలో ఆమె భర్త ఫోనులో, మాత్ర మార్చారని చెప్పారు.

మరి రెండు విషయాలు. ఆకలి ఈ నొప్పిని రేపుతుంది. కార్తీక సోమవారాలలో చీకటిపడే దాకా పచ్చి మంచినీళ్ళతో గడిపే ఇల్లాలికి ఆ రాత్రి తల పగిలితే, అది దేవుడి ఆగ్రహం కాదు. రెండవది, దుకాణంలో చీటీ లేకుండా దొరికే నొప్పి మాత్రలు. మామూలు నొప్పి మాత్రలు నెలకు పదిహేను రోజులు, ఎర్గటమీను కలిసినవీ పలు మందులు కలిపినవీ పది రోజులు మించి నెలల తరబడి వాడితే, ఆ మాత్రలే తలనొప్పిని నిత్యం చేస్తాయి. కొత్త ఇంజక్షన్ల ధర ఫిట్టరు జీతానికి అందేది కాదు. కాని నొప్పిని ముందుగా నిరోధించే ప్రొప్రనలాల్, అమిట్రిప్టిలీన్ చవక మందులు. అందరికీ సరిపడవు గనుక వైద్యుడే నిర్ణయించాలి. ఉబ్బసం ఉన్నవారికి మొదటిది పనికిరాదు. పనికివచ్చేవారికైనా ఎవరూ వ్రాసి ఇవ్వకపోవడమే ఇక్కడి దౌర్భాగ్యం.

ఈ వ్యాధి ఎందరికి? నిమ్హాన్స్ నిపుణులు పాల్గొన్న కర్ణాటక సర్వే ఫలితాల ప్రకారం, పెద్దవారిలో ఏడాదికాలంలో పార్శ్వపు నొప్పి పాలయినవారు నూటికి 25 మంది. పురుషులకంటే స్త్రీలకు రెండింతలు. ప్రపంచవ్యాప్తంగా యువతుల పనిశక్తిని హరించే వ్యాధులలో దీనిదే మొదటి స్థానమని 2019 నాటి అంతర్జాతీయ లెక్కలు చెబుతున్నాయి. అయినా 2016 వికలాంగుల హక్కుల చట్టం షెడ్యూలులోని 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లిరోసిస్, పార్కిన్సన్స్ వ్యాధుల పేర్లున్నాయి, దీని పేరు లేదు. ఉండితీరాలని నేను వాదించను. నెలకు మూడు రోజుల బాధను శాశ్వత వైకల్యమనడం స్త్రీలకే చేటు కావచ్చు. మంత్రిగారి మాటలో ఆమేరకు నిజమున్నది. కాని వైకల్యం కానిదంతా ఆరోగ్యం కాదు. ఆ రెండింటి మధ్య ఉన్న విశాల ప్రదేశానికి మన చట్టాలలో పేరు లేదు.

2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ, నాడీవ్యాధులపై 2031 వరకు అమలుచేయవలసిన కార్యక్రమాన్ని ఆమోదించింది. మూర్ఛ, పక్షవాతాలతో పాటు తలనొప్పి వ్యాధులు కూడా దాని పరిధిలో ఉన్నాయి. భారతదేశం ఆ మహాసభలో సభ్యదేశం. ఋతుకాల సెలవుపై మరొకసారి ప్రశ్న వేయదలచుకున్న సభ్యులు, అనుబంధ ప్రశ్నగా ఈ విషయాలు కూడా అడగవచ్చు: ఆ కార్యక్రమానికి అనుగుణంగా కేంద్ర ఆరోగ్యశాఖ ఏమి చేసింది, మాలా-ఎన్ అట్ట చేతికిచ్చేముందు, కళ్ళముందు మెరిసే గీతలు కనబడతాయా అని ఆశా కార్యకర్త అడిగేటట్లు శిక్షణ ఇస్తున్నారా, అవునన్న స్త్రీకి ఇవ్వడానికి ఉపకేంద్రంలో ఛాయా మాత్రలు నిలువ ఉన్నాయా.